క్రీ.శ. కొట్టేసిన ఎండాకాలం

అన్న కర్మ ముగిసిన మర్నాడు, చుట్టాలంతా వెళ్ళిపోయాక, హన్మకొండలో వాళ్ళింటి ముందుగదిలో కూర్చుని అన్న మనవరాలు కాకతీయుల పాఠం బట్టీ పడుతోంది. ప్రతి సంవత్సరం అంకెకూ ముందు “సా.శ., సా.శ.” అంటూ, ఎక్కాలు వల్లించినట్టు చదువుకుపోతోంది. ఒకచోట ఆగి, సా.శ. అంటే ఏమిటని నన్నడిగింది. సామాన్య శకం అని చెప్పబోయి గోడ మీది ఫోటో వైపు చూశాను. తాత గుర్తొచ్చాడనుకుని పిల్ల పుస్తకం మూసి నా పక్కకు వచ్చి కూర్చుంది. నిజమే, తాతే గుర్తొచ్చాడు. కాని దండ వేసిన ఫోటోలోని నెరిసిన తల లెక్చరర్ కాదు. మా దుకాణం వెనక వసారాలో, చాప మీద బోర్లా పడుకుని, ఎర్ర సిరా పెన్నుతో ప్రూఫులు దిద్దుతున్న రవీందర్. అప్పటికి వాడికి మీసం కూడా సరిగ్గా రాలేదు.

మా ఇంట్లో ముందు భాగం దుకాణం, వెనక కాపురం. చౌరస్తాకు నాలుగడుగుల దూరం. బాపు పలకలు, బలపాలు, నోటుబుక్కులు, పంచాంగాలు అమ్మేవాడు. బడులు తెరిచే ముందు కొత్త కాగితం వాసన వంటింటి దాకా వచ్చేది. అమ్మ పోపు వేసినా, నాయనమ్మ ఊదుబత్తి వెలిగించినా, వాటి కింద ఎక్కడో ఆ కాగితం వాసన ఉండనే ఉండేది. ఆ ఇంట్లో కాలాన్ని ఎవరికి తోచినట్టు వాళ్ళు లెక్కపెట్టుకునేవారు. నాయనమ్మకు అంకెలతో పనిలేదు. అన్న విళంబిలో పుట్టాడు, నేను విశ్వావసులో పుట్టాను, అంతే. తాత మిగిల్చిపోయిన భూమి కాగితాల్లో నిజాం కాలపు ఫసలీ లెక్క ఉండేది. పక్క మలిగెలో పుస్తకాలు బైండింగు చేసే చాచా గోడకు హిజ్రీ క్యాలెండరు వేలాడేది. ఉగాదికి మేం అమ్మే పంచాంగాల అట్ట మీద శాలివాహన శకం. ఇన్ని శకాల మధ్య మేం ఏ గొడవా లేకుండా అన్నం తిని పడుకునేవాళ్ళం. క్రీస్తు శకం మాత్రం మా ఇంటికి దేవదానం సార్‌తో వచ్చింది.

సార్ హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. బాపు చదివింది ఏడో తరగతే అయినా చరిత్రంటే చెవి కోసుకునేవాడు. ఒకసారి సుద్దముక్కల పెట్టె కోసం వచ్చిన సార్, మాటల్లో పడి చీకటి పడేదాకా ఉండిపోయారట. స్నేహం అక్కడ మొదలైంది. తర్వాత బాపు కోరిక మీద సార్ పదో తరగతి పిల్లల కోసం ప్రశ్నలు, జవాబులతో సోషల్ గైడు రాశారు. బాపు అచ్చు వేయించాడు. హసన్‌పర్తి నుంచీ నర్సంపేట నుంచీ పిల్లలొచ్చి “దేవదానం సార్ గైడు” అని అడిగి కొనుక్కుపోయేవారు. అట్ట మీద సార్ పేరు పెద్ద అక్షరాల్లో ఉండాల్సిందేనని బాపు పట్టుబట్టేవాడు. ప్రతి ఎండాకాలం సాయంత్రాలు సార్ సైకిల్ దిగి, ప్యాంటుకు పెట్టుకున్న క్లిప్పులు తీసి బల్ల మీద పెట్టి, వసారాలో కుర్చీలో కూర్చుని ఆ ఏడు మార్చాల్సినవి రాసేవారు. రాసిన ప్రతి పేజీ బాపుకు చదివి వినిపించేవారు. పట్టణం వదిలి యుద్ధానికి వెళ్ళిన రాజు తిరిగొచ్చాడా లేదా అని బాపు పసిపిల్లవాడిలా అడిగేవాడు.

ఒక్క సంగతి చెప్పక తప్పదు. సార్‌కు చాయ్ ఇచ్చే గ్లాసు వసారా గూట్లో వేరుగా ఉండేది. నాయనమ్మ పెట్టిన నియమం అది. సార్ తాగి, తానే కడిగి, బోర్లించి వెళ్ళేవారు. బాపు తల దించుకునేవాడే గాని తల్లికి ఎదురు చెప్పలేదు. ఇంటర్ చదివే రోజుల్లో ఒక సాయంత్రం అన్న వంటింట్లోంచి వచ్చి, సార్ ముందే ఆ గ్లాసులో చాయ్ పోసుకుని తాగాడు. నాయనమ్మ రెండు పూటలు అన్నం ముట్టలేదు. అన్న కూడా ముట్టలేదు. చివరికి అమ్మ ఆ గ్లాసు తీసుకెళ్ళి మా గ్లాసుల్లో కలిపేసింది, ఏది ఏదో ఎవరికీ తెలియకుండా. ఆ తర్వాత సార్ అన్నను చూసే చూపు మారింది. అన్నకు చేతిరాత దిద్దింది ఆయనే, చరిత్ర పిచ్చి పట్టించింది ఆయనే, బాపు దుకాణంలో కూర్చోబెడతానంటే వద్దని ఎం.ఏ.కు పంపించిందీ ఆయనే. క్రిస్మస్‌కు సార్ భార్య సారమ్మత్త గులాబీపూలు వండి డబ్బా నింపి పంపేది. నూనెలో వేగిన బియ్యప్పిండి, కొబ్బరిపాల వాసన. ముందు రవీందర్‌కు పెట్టమని సార్ మాటగా చెప్పి మరీ పంపేది.

యూనివర్సిటీకి వెళ్ళాక అన్న మాట తీరు మారిపోయింది. చదువులో దేవుడికి చోటుండకూడదనేవాడు. లైబ్రరీలో ఏదో ఇంగ్లీషు పుస్తకంలో క్రీస్తు పేరు లేకుండా సంవత్సరాలు రాసిన పద్ధతి చూశాడు. దానికి తెలుగులో తనే సామాన్య శకం అని పేరు పెట్టుకుని మురిసిపోయాడు. ఆ మాట నాకు చెప్పినప్పుడు వాడి కళ్ళు మెరిశాయి. హిందువు, ముస్లిం, క్రిస్టియన్ పిల్లలు ముగ్గురూ ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే పేరుతో కాలాన్ని రాసుకోవచ్చన్నాడు. అందులో చెడ్డ మాట ఏముంది? నాకిప్పటికీ ఏమీ కనబడదు.

ఆ ఎండాకాలం సార్‌కు జనాభా లెక్కల ముందు ఇళ్ళు నమోదు చేసే డ్యూటీ పడింది. పొద్దుపోయేదాకా వాడలు తిరిగి కాళ్ళు వాచేవి. ప్రూఫులు రవీందర్ చూస్తాడు, నాకంటే మంచిగ చూస్తాడని ఆయనే చెప్పారు. అన్న చూశాడు. చూస్తూ చూస్తూ ప్రతి పేజీలో క్రీ.పూ.ను సా.పూ. చేశాడు, క్రీ.శ.ను సా.శ. చేశాడు. ప్రెస్సులో కంపోజిటర్ ఇదేమిటని అడిగితే ఇప్పుడు ఇట్లనే రాస్తరని చెప్పాడట. సార్‌ను అడగాలన్న ఆలోచన వాడికి రాలేదు. వేరే గ్లాసు పద్ధతిని పోగొట్టిన తను చేసిన మార్పు సార్‌కు నచ్చకపోవడమా? మెచ్చుకుంటారని, భుజం తడతారని వాడి నమ్మకం.

పుస్తకాలు వచ్చిన రోజు నేను దుకాణంలోనే ఉన్నాను. బాపు మొదటి కట్ట విప్పి, మొదటి పుస్తకం ఎప్పట్లాగే సార్ చేతికిచ్చాడు. సార్ అట్ట మీద తన పేరు చూసుకుని నవ్వి, మధ్యలో తెరిచారు. ఒక పేజీ, ఇంకో పేజీ. వెనక్కి వెళ్ళారు. కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. అచ్చు ఎట్లుందని బాపు అడిగితే మంచిగుంది సేటూ అన్నారు. చాయ్ మొత్తం తాగారు. పుస్తకం సంచిలో పెట్టుకుని సైకిలెక్కి వెళ్ళిపోయారు. ఆయన ప్యాంటు క్లిప్పులు బల్ల మీదే ఉండిపోయాయని అప్పుడు చూశాం. మర్నాడు వస్తారు కదా, ఇద్దామనుకున్నాం.

మర్నాడు రాలేదు. ఆ వారమూ రాలేదు. పై ఆదివారం సాయంత్రం సారమ్మత్త వెనక వాకిట్లోంచి వచ్చి, బావి గట్టు మీద కూర్చుని అమ్మ దగ్గర ఏడ్చింది. సార్ చర్చిలో ప్రతి ఆదివారం బైబిలు వాక్యం చదివేవారు. గంభీరమైన గొంతు, ఒకసారి నేనూ వెళ్ళి విన్నాను. సంఘంలో పిల్లలెవరో గైడు కొన్నారు, వాళ్ళ తండ్రి చూశాడు, పెద్దల దాకా పోయింది. ప్రభువు పేరు కొట్టేసిన చేతుల్తో ప్రభువు గ్రంథం ఎట్లా ముట్టుకుంటారని అందరి ముందూ అడిగారట. ప్రూఫులు తాను చూడలేదని ఒక్క మాట చెబితే అయిపోయేది. సార్ చెప్పలేదు. పుస్తకం మీద నా పేరున్నది, జిమ్మా నాదే అన్నారట. ఆ రోజు నుంచి వాక్యం ఇంకొకరు చదువుతున్నారు, సార్ చివరి బెంచీలో కూర్చుంటున్నారు. “రవీందర్ పేరు ఎత్తద్దని నాకు ఒట్టు పెట్టిండు వదినా. నేనే ఆగలేక వచ్చిన” అంది సారమ్మత్త.

చీకటి పడకముందే అన్న బయల్దేరాడు. అమ్మ నన్నూ వెంట పంపింది. మిషన్ కాంపౌండు వెనక సార్ వాళ్ళది రెండు గదుల ఇల్లు. సార్ అరుగు మీద మడత కుర్చీలో ఉన్నారు. మమ్మల్ని చూసి లోపలికి కేకేసి చాయ్ పెట్టించారు. అన్న తప్పయిందని చెప్పడానికే వచ్చాడు. మొదటి మాట అదే అన్నాడు. రెండో మాట నుంచి వాదన మొదలైంది. అది వాడి స్వభావం. ఆ స్వభావాన్ని సాన పట్టింది ఎదురుగా కూర్చున్న మనిషే.

సార్ చాలాసేపు విన్నారు. తర్వాత అన్నారు: “నువ్వు చెప్పేది నాకు సమజైతాంది బిడ్డా. అందరి పిల్లలు చదువుతరంటవు. నిజమే. కాని లెక్క ప్రభువు పుట్టినకాడికెల్లే పెడ్తివి గద. ఇల్లు ఉంచుకొని ఇంటాయనను ఎల్లగొట్టినట్టు లేదా? మీ దుకాణంల పంచాంగం మీద శాలివాహన శకమని ఉంటది. దాన్ని కొట్టేసినవా?”

అది వేరు సార్, అది పాతది అన్నాడు అన్న. అన్నాక వాడికే ఆ మాట నచ్చినట్టు లేదు, తల దించుకున్నాడు.

“మా తాత పరకాల దిక్కు ఒక దొర కాడ వెట్టి చేసెటోడు” అన్నారు సార్. గొంతులో కోపం లేదు. “ఆయనకు అక్షరం చెప్పినోడు క్రీస్తు పేరుతోనే చెప్పిండు. గుడిసె గోడ మీద బొగ్గుతోని తాత మొదాలు రాసింది తన పేరు, దాని కింద క్రీ.శ. అని సంవత్సరం. అంతకుముందు మాకు ఏ శకం లేకుండె రవీందర్. మేం ఏ ఏడు పుట్టినం, ఏ ఏడు సచ్చినం, ఎవ్వలు రాసుకోలే. నీకది మతం. మాకది లెక్కల్లకు వచ్చిన దినం.”

సారమ్మత్త చాయ్ తెచ్చింది. అన్న తాను వెళ్ళి సంఘం పెద్దలకు నిజం చెబుతానన్నాడు. సార్ వద్దన్నారు. చెబితే పిల్లవాడి మీద తోసి తప్పించుకున్నాడంటారు, నీ మీదికి కూడా మాట వస్తుంది, ఫికర్ చెయ్యకు అన్నారు. లేచేటప్పుడు అన్న ఆయన కాళ్ళకు దండం పెట్టబోతే భుజాలు పట్టుకుని ఆపారు. దారంతా అన్న నా ముందు నడిచాడు. చీకట్లో వాడు ముక్కు ఎగబీల్చడం మాత్రం వినబడింది.

బాపు ఆ రాత్రే నిర్ణయం తీసుకున్నాడు. సా.శ. అని ఉన్నచోట క్రీ.శ. అని చదువుకోవాలని చిన్న చీటీలు అచ్చు వేయించాడు. అమ్మ మైదా గంజి కాచింది. వసారాలో అందరం వరసగా కూర్చుని మిగిలిన ప్రతి పుస్తకానికీ మొదటి పేజీలో చీటీ అతికించాం. నాయనమ్మ కూడా కొంగు దోపుకుని వచ్చి కూర్చుంది. ఆమెకు చదువు రాదు, ఏం అతికిస్తున్నామని అడిగింది. సార్ దేవుని పేరని అమ్మ చెప్పింది. నాయనమ్మ చీటీ వంకర పోకుండా బొటనవేలితో నెమ్మదిగా ఒత్తింది. సార్ ఆ ముసలి చేతులను చూసి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

అన్న మాత్రం చీటీ ముట్టలేదు. సార్‌ను బాధపెట్టినందుకు వంద దండాలు పెడతాను గాని, నేను నమ్మింది తప్పని రాసి నా చేతుల్తో అతికించలేనన్నాడు. బాపు గొంతు పెంచే మనిషి కాదు. “నీ నమ్మకం నీదిరా. కాని అది నీ పుస్తకం కాదు గద. ఆయన పేరున్న పుస్తకం” అన్నాడు. అన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత తండ్రీకొడుకులు చాలా కాలం అవసరానికి మించి మాట్లాడుకోలేదు.

బాపు చీటీలు అతికించిన పుస్తకాల కట్ట తీసుకుని సార్ ఇంటికి వెళ్ళాడు. సార్ చీటీ చదివి, ఎందుకు సేటూ ఇంత కష్టం అన్నారట. బాపు చెయ్యి చాలాసేపు పట్టుకుని కూర్చున్నారట. కాని అప్పటికే అమ్ముడైన పుస్తకాలు అమ్ముడైపోయాయి, చర్చిలో పడిన మాటలు పడినట్టే ఉండిపోయాయి. సార్ అక్కడ ఇదివరకు కూర్చునే బెంచీకి మళ్ళీ వెళ్ళలేదు. దసరా సెలవుల తర్వాత తానే అడిగి నర్సంపేటకు బదిలీ చేయించుకున్నారు. పోయే ముందు దుకాణానికి వచ్చి బాపుతో చెప్పి వెళ్ళారు. అన్న ఇంట్లో లేడు. కాసేపు చూసి లేచారు.

మరుసటి ఏడు గైడు రాలేదు. బాపు ఇంకెవరితోనూ రాయించలేదు. సాయంత్రాలు వసారాలో కుర్చీ వేసుకుని ఒక్కడే కూర్చునేవాడు. అమ్మ రెండు గ్లాసుల చాయ్ కలిపి, ఒకటి తాను తాగేది.

నాలుగైదేళ్ళకు, ఒక వానాకాలం పొద్దున, నర్సంపేట బస్సులో వచ్చిన ఎవరో దుకాణం ముందు ఆగి సార్ పోయారని చెప్పారు. బడిలో పాఠం చెబుతూనే ఛాతీ పట్టుకుని కూలబడ్డారట, దవాఖానకు తెచ్చేలోపే ప్రాణం పోయిందట. ఇక్కడి మిషన్ సమాధుల్లోనే పెట్టారు. బాపు, అన్న, నేను వెళ్ళాం. అన్న గోడవారన నిలబడ్డాడు, దగ్గరికి రాలేదు. అందరూ పిడికెడు మన్ను వేస్తుంటే చివరికి వచ్చి వంగి మన్ను తీసుకున్నాడు. తీసుకున్నాడే గాని వేయలేకపోయాడు. వాన పడుతోంది. పిడికిట్లో మన్ను బురదై వేళ్ళ సందుల్లోంచి కారుతోంది. బాపు వెనక నుంచి వచ్చి వాడి చెయ్యి పట్టుకుని, ఒక్కొక్క వేలే విప్పాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత వాళ్ళిద్దరూ ఒకరినొకరు ముట్టుకోవడం అదే చూశాను.

అన్న తర్వాత పరకాలలో చరిత్ర లెక్చరర్ అయ్యాడు. రిటైరయ్యేదాకా బోర్డు మీద ఏ శకమూ రాయలేదని వాడి దగ్గర చదివినవాళ్ళు చెబుతారు. ఉత్త అంకె రాసేవాడు. ఎవరైనా అడిగితే అంకె చాలు అనేవాడట. పిల్లలు అదేదో సార్ పద్ధతి అనుకున్నారు. ఇప్పుడు బడి పుస్తకాల్లో సా.శ. అచ్చవుతోంది. ఎవరూ ఏడవడం లేదు, ఎవరినీ చివరి బెంచీకి పంపడం లేదు. అన్న కోరుకున్నదే జరిగింది. జరిగినందుకు వాడు సంతోషించగా నేను చూడలేదు. ఎక్కడో ఎవరో కూర్చుని నిర్ణయిస్తారు, పిల్లలు బట్టీ పడతారు, ఇష్టం లేనివాళ్ళు ముక్కూమొహం తెలియనివాళ్ళను ఫోన్లలో తిట్టుకుంటారు. ఆనాడు మా మధ్య ఒక్క అక్షరం మారితే, ఆ మార్చినవాడు, నొచ్చుకున్నవాడు ఒకే కెటిల్లోంచి పోసిన చాయ్ తాగిన మనుషులు. అంత దగ్గరగా ఉన్నాం కాబట్టే అంత లోతుగా దిగింది.

పోయిన వారం హసన్‌పర్తి వెళ్ళాను. సారమ్మత్త అక్కడ కొడుకు దగ్గర ఉంటోంది. ఎనభై దాటింది, చూపు మందగించింది, మాట మాత్రం అదే. అన్న పోయాడని చెప్పాను. నా చెయ్యి వెతుక్కుని పట్టుకుని, కళ్ళు మూసుకుని వాడి కోసం ప్రార్థన చేసింది. ఆ ప్రార్థనలో వాడిని “మా పెద్దకొడుకు రవీందర్” అంది.

కాసేపటికి నేనే ఆ పుస్తకం సంగతి ఎత్తాను. సార్ చివరిదాకా దాని గురించి బాధపడ్డారా అని అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

“పుస్తకం బాధ ఎన్నడో పోయింది బిడ్డా. సంఘపోల్లు మల్ల వాక్యం చదువుమని పిలిచిండ్రు కూడ, ఈయననే పోలే. రవీందర్ మల్ల రాలేదు సూడు, గదే బాధ. నర్సంపేటల ఐతారం వచ్చిందంటె అరుగు మీద రెండు కుర్చీలు ఏయించెటోడు. బస్సు చప్పుడైతె మాట ఆపి రోడ్డు దిక్కు సూసెటోడు. వాదం పెట్టుకునేటందుకన్న వస్తడే వాడు, ఊకోడు అనేటోడు.”

అన్న పోయాక వదిన నాకో సంగతి చెప్పింది. సార్ బతికుండగా ఒకసారి అన్న నర్సంపేట బస్సెక్కాడట. బడి దాకా నడిచాడట. కిటికీలోంచి సార్ గొంతు వినబడిందట. ఏ మొహం పెట్టుకుని పోవాలి, నన్ను చూస్తే ఆయనకు అదంతా మళ్ళీ గుర్తుకొస్తుందేమో అనుకుని, గేటు దగ్గర్నుంచే తిరిగి వచ్చేశాడట. పెళ్ళయిన కొత్తలో వదినకు చెప్పి, మళ్ళీ ఆ మాట ఎత్తొద్దన్నాడట.

ఈ వయసులో ఆమెకు చెప్పాలా వద్దా అని కాసేపు ఊగిసలాడాను. చివరికి చెప్పేశాను.

సారమ్మత్త నా చెయ్యి వదిలి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

“గేటు దాక వచ్చిండా” అంది. “లోపటికి రావద్దా మరి. ఏం మాట్లాడకున్నా మానె. ఊకెనే వచ్చి పక్కన కూసున్నా సాలు గద బిడ్డా.”